నొప్పి సున్నా అన్న పేషెంట్

2023 ఏప్రిల్. ఉత్తర వర్జీనియాలో ఆ నెలంతా పుప్పొడి రాలుతుంది. కార్ల మీద, మెయిల్‌బాక్సుల మీద, గుమ్మం బయట విడిచిన చెప్పుల మీద కూడా పసుపు చల్లినట్టు పేరుకుంటుంది. కళ్ళు నలుపుకోని మనిషి కనపడడు. ఆష్‌బర్న్‌కి పావుగంట దూరంలో, ఒక పళ్ళ డాక్టరుకీ ఒక టాక్స్ ఆఫీసుకీ మధ్య ఇరుక్కుని ఉండే కంటి సర్జరీ క్లినిక్‌లో నేను నర్సుని. అప్పటికి అక్కడ చేరి పదకొండేళ్ళు. అంతకుముందు గుంటూరులో ఆరేళ్ళు చేశాను.

మా క్లినిక్‌లో జరిగేవి ఎక్కువగా కార్నియా సర్జరీలు. కార్నియా అంటే నల్లగుడ్డు ముందు వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. పొర చిన్నదే గానీ, నొప్పిని తెలిపే నరాలు ఒంట్లో ఇంకెక్కడా లేనంత ఒత్తుగా అక్కడ ఉంటాయి. కంట్లో చిన్న నలక పడితేనే మనిషి ఊరంతా తిరిగి ఊదించుకుంటాడే, దానికి కారణం అదే. ఆ పొర పైభాగాన్ని సర్జన్ కావాలనే గీకి తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సర్జరీ చేసేది డాక్టర్ వీవర్. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు పేషెంటు పడే నొప్పిని చూసుకోవడం నా పని. ఏ టాబ్లెట్ ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం, మర్నాడు ఫోన్ చేసి ఎలా ఉందో అడగడం, తగ్గకపోతే డాక్టరుకి చెప్పడం.

ఇక్కడ నొప్పిని అంకెల్లో అడుగుతారు. అస్సలు లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదు అనిపిస్తే పది. నేనూ అలాగే అడుగుతాను. కానీ తెలుగువాళ్ళు దొరికితే ఇంకో ప్రశ్న కూడా వేస్తాను: "ఎలాంటి నొప్పి?" మంటా, సలుపా, పోటా, గరగరలాడుతోందా, గుచ్చుకుంటోందా? మన దగ్గర ప్రతి నొప్పికీ వేరే మాట ఉంది. పని చేయగా చేయగా ఆ మాటలకి అర్థాలు కట్టుకున్నాను. మంట అంటే పైపొర సంగతి, మానుతుంది. లోపల్నించి పోటు, దాంతోపాటు వికారం అంటే కంట్లో ప్రెషర్ పెరిగిందేమో చూడాలి. ఇసుక పడ్డట్టుంది అంటే మంచి కబురే, కొత్త పొర పెరుగుతోందన్నమాట. ఈ పనిలో నాకు విసుగు రాకపోవడానికి కారణం ఈ కుతూహలమే అనుకుంటాను.

వంశీ మా దగ్గరికి వచ్చింది ఆ ఏప్రిల్‌లోనే. ముప్పై ఒక్కేళ్ళు. వరంగల్ పిల్లవాడు, డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ ఇంజినీరు అని ఫారంలో రాశాడు. కూడా భార్య హారిక. అతనికి కెరటోకోనస్ అనే జబ్బు. కార్నియా పలచబడి, నెమ్మదిగా ముందుకు మొనదేలి పొడుచుకొస్తుంది. చూపు అలుక్కుపోతుంది. కళ్ళు గట్టిగా నలుపుకునేవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది, వంశీ చిన్నప్పటి నుంచీ నలుపుకునేవాడట. అది ముదరకుండా ఆపడానికి క్రాస్‌లింకింగ్ అనే ప్రొసీజర్ చేస్తారు. పైపొర తీసేసి, విటమిన్ చుక్కలు వేసి, ఒక ప్రత్యేకమైన కాంతి పెట్టి కార్నియాని గట్టిపరుస్తారు. ఎడమ కన్ను ఎక్కువ పాడైంది కాబట్టి ముందు అది చేయాలన్నారు డాక్టర్ వీవర్.

"ఈ నెల ఎండింగ్ లోపల అయితదా?" అని మాత్రం వంశీ రెండుసార్లు అడిగాడు.

ఒక మంగళవారం స్లాట్ ఖాళీ అయితే ఇచ్చాను. ఎందుకంత తొందర అని అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే, అన్నీ అడిగే నేను ఆ ఒక్కటీ అడగకపోవడం విచిత్రంగా ఉంటుంది.

మంగళవారం సర్జరీ బాగానే జరిగింది. గాయం మీద కట్టులా ఉండడానికి ఒక మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెట్టారు. ఇంటికి పంపేముందు కాగితం చేతికిచ్చి చదివి వినిపించాను. ఇబుప్రోఫెన్ టాబ్లెట్, తిన్నాక, గడియారం చూసుకుని. దాని మధ్య మధ్యలో ఎసిటమినోఫెన్. మన దగ్గర పారాసిటమాల్ అంటామే, అదే ఇది, పేరు వేరు. ఇవి కాక, మొదటి రెండు రోజులు తట్టుకోలేనప్పుడు వేసుకోవడానికి ఓపియాయిడ్ జాతి టాబ్లెట్లు ఆరు. ఓపియాయిడ్లంటే నల్లమందు కుటుంబానికి చెందిన బలమైన నొప్పి మందులు. అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి లెక్కపెట్టి ఇస్తారు. వంశీ తలూపాడు. హారిక ఫోన్‌లో అంతా రాసుకుంది. మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తర్వాతి పేషెంటు బయట కూర్చుని ఉన్నారు.

మర్నాడు చెకప్. టోపీ ముక్కు దాకా లాక్కుని, దాని మీద తువ్వాలు కప్పుకుని, హారిక చెయ్యి పట్టుకుని వచ్చాడు. కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

"పదికి ఎంత?"

"తొమ్మిది. తొమ్మిదిన్నర పెట్టుకోండి అక్కా." నా బ్యాడ్జి మీద సుజాత అన్న పేరు చదివి, మొదటి రోజు నుంచే ఇద్దరూ అక్కా అంటున్నారు.

"టాబ్లెట్లు వేసుకుంటున్నారా?"

"ఆ, వేసుకుంటున్న."

కన్ను తెరిస్తేగానీ డాక్టర్ చూడలేరు, అతనేమో తెరవలేకపోతున్నాడు. ఇలాంటప్పుడు మేం ప్రొపారకైన్ అనే మత్తుచుక్క ఒకటి వేస్తాం. వేసిన అరనిమిషం లోపే కార్నియా మొద్దుబారుతుంది. వేశాను. వంశీ భుజాలు జారాయి. కన్ను తెరిచాడు. గోడ మీది గడియారం చూశాడు, హారికని చూశాడు, గట్టిగా నవ్వేశాడు.

"అక్కా, ఇదేం మందు? ఇంత సేపు ఇది ఎక్కడ దాచిన్రు? ఇంటికి ఇస్తరా?"

"ఇవ్వం. ఇది వేసుకుంటూ పోతే కన్ను మానదు" అన్నాను. అంతే అన్నాను. ఎందుకు మానదో చెప్పలేదు. డాక్టర్ వీవర్ చూసి, మొదటిరోజుకి ఉండాల్సినట్టే ఉంది, టాబ్లెట్లు ఆపొద్దు, సోమవారం రమ్మన్నారు. పక్క గదిలోంచి పిలుపు వస్తే వెళ్ళాను. వెళ్తూ ఆ చిన్న సీసా కౌంటర్ మీదే వదిలేశాను.

గురువారం పొద్దున ఫోన్ చేశాను.

"ఎలా ఉంది వంశీ గారూ?"

"సూపర్ అక్కా. జీరో."

రెండో రోజు సాధారణంగా మొదటి రోజు కంటే ఘోరంగా ఉంటుంది. నిన్న తొమ్మిదిన్నర అన్న మనిషి ఇవాళ సున్నా అంటున్నాడు.

"మంటేమైనా ఉందా?"

"లేదు."

"సలుపు?"

"లేదక్కా."

"రెప్ప ఆర్పినప్పుడు ఇసుక ఉన్నట్టు, గరగరగా? లెన్స్ ఉన్నట్టు తెలుస్తోందా?"

"ఏం తగుల్తలేదు. అసలు కన్ను ఉన్నట్టే తెలుస్తలేదు. మీ టాబ్లెట్లు మస్తు పనిచేసినయ్."

థాంక్స్ చెప్పి పెట్టేశాడు. నేను మాత్రం చార్టులో సున్నా అని రాసి, ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాను. పేషెంటు బాగున్నానంటే సంతోషించాలి. కానీ టాబ్లెట్లు చేసే పని నాకు తెలుసు. అవి కడుపులోంచి రక్తంలో కలిసి, వాపునీ దాంతో వచ్చే నొప్పినీ తగ్గిస్తాయి. తొమ్మిదిని ఐదు చేస్తాయి, బాగా పనిచేస్తే మూడు. స్పర్శని తీసేయవు. పచ్చి గాయం మీద లెన్స్ తగులుతున్నా ఏమీ తెలియడం లేదంటే అది నొప్పి తగ్గడం కాదు, మొద్దుబారడం. టాబ్లెట్లతో అలా జరగగా నేనెప్పుడూ చూడలేదు.

డాక్టర్ వీవర్ కాఫీ కోసం వస్తే చెప్పాను. "కొందరు అదృష్టవంతులు" అన్నారావిడ. కప్పు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఏమీ తగలడం లేదన్నాడా? రేపు రమ్మను."

శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. టోపీ లేదు, తువ్వాలు లేదు. హారిక ముఖం కూడా తేటగా ఉంది. "బాగైపోయిండు అక్కా, ఊరికే పిలిచిన్రు" అంది.

డాక్టర్ వీవర్ స్లిట్ ల్యాంప్ ముందు కూర్చున్నారు. కంటిని పెద్దది చేసి చూపించే మైక్రోస్కోప్ అది. ఆవిడ మామూలుగా చూస్తూ మాట్లాడతారు. ఆ రోజు మాట్లాడలేదు. చాలాసేపు చూశారు. తర్వాత దూది పోచని సన్నగా మెలేసి కార్నియా అంచుకి తాకించారు. ఎవరికైనా రెప్ప టక్కున పడాలి. వంశీకి పడలేదు. అతనికి తాకినట్టే తెలియలేదు.

మూడు రోజులకి పైపొర అంచుల నుంచి లోపలికి పాకి సగానికి పైగా గాయాన్ని మూసేయాలి. వంశీ గాయం మంగళవారం ఎంత ఉందో అంతే ఉంది. పైగా అంచులు బూడిదరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి, మధ్యలో మసక కమ్ముతోంది.

"ఏ చుక్కలు వేసుకుంటున్నారు?" అని అడిగారు డాక్టర్. రాసిచ్చిన రెండింటి పేర్లూ చెప్పాడు. "ఇంకేమైనా?"

"నో."

ఇన్ఫెక్షన్ ఉందేమోనని కొంచెం గీకి శాంపిల్ తీసి, దాన్ని లాబ్‌కి పంపే ఏర్పాటు చూడ్డానికి డాక్టర్ బయటికి వెళ్ళారు. నా చూపు కౌంటర్ మీద పడింది. అక్కడ మత్తుచుక్కల సీసా కొత్తది ఉంది. నిన్న పొద్దున నేనే సీలు తీశాను. పాతది కనపడకపోతే ఎవరో పారేసి ఉంటారనుకున్నాను. పాత సీసాని నేను చివరిసారి చూసింది బుధవారం, వంశీ ఈ గదిలో ఉన్నప్పుడే.

తలుపు వేసి, స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"వంశీ గారూ, బుధవారం నేనొక సీసా ఇక్కడ పెట్టి మర్చిపోయాను. తర్వాత అది కనపడలేదు. వదిలేసి వెళ్ళడం నా తప్పు. దాని గురించి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కానీ అది మీ దగ్గరుంటే ఇప్పుడే నాకు తెలియాలి. కన్ను పోయే వ్యవహారం ఇది."

హారిక అయోమయంగా అతని వంక చూసింది. వంశీ నేల చూపులు చూశాడు. జాకెట్ జేబులో చెయ్యి పెట్టి, సీసా తీసి ట్రే మీద పెట్టాడు. దాదాపు ఖాళీ.

"ఎంతకోసారి వేశారు?"

"ఫస్ట్‌ల రెండు గంటలకోసారి. నిన్నటి సంది తొందరగ దిగుతుంది. అరగంట. ఇయాల పొద్దుగాల నుంచి ఇరవై నిమిషాలు."

"నాకు కూడా జీరో అనే చెప్పినవ్ కదా" అంది హారిక. గొంతు పెంచలేదు. "నేను మా అమ్మకి ఫోన్ చేసి నీకు తగ్గిందని చెప్పిన."

అతను సీసాని ట్రే మీద ఇంకొంచెం దూరం నెట్టాడు.

"మరి టాబ్లెట్లు?" అన్నాను.

"వేసుకోలే."

"ఒక్కటీ?"

"ఇండియా నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ ఉండె. అదొకటి వేసుకున్న. మీరు రాసిచ్చినయ్ ఏవీ ముట్టలే."

ఎందుకు అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హారికే చెప్పింది. "సోమవారం డ్రగ్ టెస్ట్ ఉందక్కా."

అప్పుడు బయటపడింది అంతా. మార్చి మొదట్లో అతని ఉద్యోగం పోయింది. ఫారంలో రాసింది పాత ఉద్యోగం. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ దొరకాలి, లేదా దేశం వదలాలి. పాత కంపెనీ ఇన్సూరెన్స్ ఏప్రిల్ ఆఖరుతో ఆగిపోతుంది, అందుకే ఆ నెలలోనే సర్జరీ కావాలన్నాడు. సరిగ్గా సర్జరీకి ముందురోజు కొత్త ఆఫర్ వచ్చింది. మూత్ర పరీక్షలో మాదకద్రవ్యాలు లేవని తేలితేనే ఉద్యోగం ఖాయం. అరవైలో అప్పటికి నలభై ఆరు రోజులు అయిపోయాయి.

"మీరిచ్చిన టాబ్లెట్ పేరు గూగుల్ చేసిన అక్కా. ఓపియాయిడ్ అని వచ్చింది. వాళ్ళ బ్యాన్ లిస్ట్‌ల ఫస్ట్ అదే ఉంది. ఇబుప్రోఫెన్ కూడా ఒక్కోసారి గంజాయి లెక్క చూపిస్తదని ఎవడో ఫోరంల రాసిండు. నేను రిస్క్ తీసుకోలే. ఈ చుక్క అయితే కంట్లనే ఉంటది కదా, రక్తంల కలవదు కదా అనుకున్న."

అతని తర్కంలో మూర్ఖత్వమేమీ లేదు. ఇంజినీరులా ఆలోచించాడు. సమాచారం సగమే ఉంది, అంతే. ఆ అరవై రోజుల లెక్క మా ఇంట్లోనూ ఒకసారి నడిచింది, మా ఆయనకి. అప్పుడు మేం ఉత్తరాలు వచ్చే చప్పుడుకి కూడా ఉలిక్కిపడేవాళ్ళం. అందుకని అతన్ని కోప్పడలేకపోయాను.

బుధవారం చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. చుక్క నరాన్ని మొద్దుబార్చి ఊరుకోదు. పెరగాల్సిన కొత్త కణాలని కూడా చంపుతుంది. కంటికి తనకి దెబ్బ తగిలిందనే తెలియదు, నీళ్ళు ఊరవు, రెప్ప సరిగా పడదు. గాయం తెరుచుకునే ఉంటుంది. ఇంకో వారం ఇలాగే వేస్తే కార్నియా కరిగి చిల్లు పడొచ్చు. టాబ్లెట్ అయితే నొప్పిని తగ్గిస్తుంది గానీ గాయం పనిని గాయం చేసుకోనిస్తుంది.

"చిల్లా?" అన్నాడు వంశీ. అనే లోపే ఎడమ కన్ను చికిలించడం మొదలుపెట్టాడు. నేను గడియారం చూశాను. చివరి చుక్క మత్తు దిగిపోతోంది. అతని చెయ్యి అలవాటుగా ట్రే వైపు వెళ్ళింది. నేను సీసా తీసి నా జేబులో వేసుకున్నాను.

డాక్టర్ వీవర్ తిరిగి రాగానే మొత్తం చెప్పాను, సీసా వదిలేసింది నేనేనని కూడా. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూశారు. "రిపోర్టు తర్వాత రాద్దువుగాని. ముందు ఈ కన్ను సంగతి చూద్దాం."

స్టూలు మీద కూర్చుని, వంశీతో నిదానంగా ఆవిడ చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "పరీక్షలో ఏదైనా కనపడితే అది నేరుగా కంపెనీకి వెళ్ళదు. ముందు లాబ్ తరఫున ఒక డాక్టర్ నీకు ఫోన్ చేసి ఏ మందులు వాడావని అడుగుతాడు. సర్జరీ తర్వాత రాసిచ్చిన మందని చీటీ చూపిస్తే, పాస్ అయినట్టే రాస్తాడు. నేను లెటర్ ఇస్తాను."

"ఇది ఎక్కడన్నా రాసి ఉంటదా?" అన్నాడు వంశీ, కన్ను చేత్తో మూసుకుని. నొప్పి ఎక్కుతోంది.

హారిక అప్పటికే ఫోన్ తీసి కంపెనీ పంపిన మెయిల్ వెతుకుతోంది. చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. "ఇక్కడుంది. ఏడో పేజీ. ప్రిస్క్రిప్షన్ మందులుంటే డాక్టర్ ఫోన్ చేసినప్పుడు చూపించాలె అని. నువ్వు ఎంతవరకు చదివినవ్?"

"లిస్ట్ దాక" అన్నాడతను. లిస్టు రెండో పేజీలో ఉంది.

డాక్టర్ కొత్త పథకం వేశారు. ఇబుప్రోఫెన్, ఎసిటమినోఫెన్ గడియారం ప్రకారం, నొప్పి వచ్చేదాకా ఆగకుండా. వాటికి తోడు గాబాపెంటిన్ అనే మందు. అది ఓపియాయిడ్ కాదు, నరాల నొప్పికి ఇస్తారు. ఓపియాయిడ్ ఆఖరి మెట్టు, అదీ అతనికి ఇష్టమైతేనే. వేసుకుంటే మటుకు గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఆ టాబ్లెట్లోనే ఎసిటమినోఫెన్ కలిపి ఉంటుంది, కాబట్టి ఆ పూట విడిగా అది వేసుకోకూడదు. ఇండియా పారాసిటమాల్ కూడా అదే మందు కాబట్టి అసలే వద్దు. ఈ మాటకి హారిక ఉలిక్కిపడింది. అది వేరే, ఇది వేరే అనుకుంటోందట. మంగళవారం నేను నాలుగు నిమిషాల్లో చదివిన పాఠం ఎంత చేరిందో అప్పుడు తెలిసింది.

మొదటి మోతాదు అక్కడే వేయించాను. ఖాళీ కడుపుతో వేయకూడదని బ్రేక్ రూంలోంచి బిస్కెట్లు తెచ్చాను. టాబ్లెట్ పనిచేయడానికి ముప్పావుగంటైనా పడుతుంది, చుక్క దిగడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ మధ్య కాలం అతను నిజంగా నొప్పి పడాలి. తప్పించే దారి లేదు. లైట్లు ఆర్పేసి, చల్లటి ప్యాక్ మూసిన రెప్ప మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను. డాక్టర్ నా మిగతా పేషెంట్లని ఇంకొకరికి అప్పగించారు.

వంశీ కుర్చీ చేతులు పట్టుకుని ఊగుతున్నాడు. ఏడవలేదు గానీ ఊపిరి ముక్కలు ముక్కలుగా తీస్తున్నాడు. హారిక కోపంగా ఉంది, అది తెలుస్తూనే ఉంది. అయినా అతని మోకాలి మీద చెయ్యి తీయలేదు.

పావుగంటకోసారి అడిగాను.

"తొమ్మిది."

"ఎలాంటిది వంశీ?" గారు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు.

"మంట. కారం కొట్టినట్టు. కత్తితోటి గీసినట్టు."

"మంటే కదా, లోపల్నించి పోటు లేదు కదా?"

"లేదక్కా. మంటనే."

"సరే. అది మానే నొప్పి."

మళ్ళీ తొమ్మిది. ఆ తర్వాత ఎనిమిది. గంటంపావు దాటాక అడిగితే ఆలోచించి, "ఆరు" అన్నాడు. "ఇసుక పోసినట్టుంది. లెన్స్ తగుల్తుంది." ఆ మాట అని తల గోడకి ఆనించాడు.

శని, ఆదివారాలు ఫోన్ డ్యూటీ నాదే. శనివారం పొద్దున పదింటికి వంశీ ఫోన్ చేశాడు. రాత్రంతా ఏడూ ఎనిమిదీ మధ్య ఉందట, చుక్క కోసం మనసు పీకిందట. "పెద్ద టాబ్లెట్ వేసుకున్న అక్కా ఇప్పుడే. సగం కాదు, ఫుల్. పేరు, టైము కాగితం మీద రాసిన. సోమవారం ఏదైతే అదైతది." అతని దృష్టిలో ఆ టాబ్లెట్‌తో పాటు ఉద్యోగాన్నీ ఈ దేశంలో ఉండే హక్కునీ కూడా మింగుతున్నాడు. నేను నచ్చజెప్పడం వేరు, మింగడం వేరు. ఆదివారం ఇంకొకటి వేసుకున్నాడు. మిగతా నాలుగూ తర్వాత మాకే తెచ్చి ఇచ్చేశాడు.

సోమవారం లెటర్ పట్టుకుని టెస్టుకి వెళ్ళాడు. బుధవారం లాబ్ డాక్టర్ ఫోన్ చేశాడట. ఏం సర్జరీ, ఎప్పుడు, మందు ఎవరు రాశారు అని అడిగి, చీటీ ఫోటో పంపమన్నాడట. "మూడు నిమిషాలు అక్కా. మూడు నిమిషాల ఫోన్ కోసం ఇంత చేసిన" అని చెప్పాడు వంశీ. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. గడువు ఇంకా నాలుగు రోజులుండగా కొత్త ఉద్యోగంలో చేరాడు.

లాబ్‌లో ఇన్ఫెక్షన్ ఏమీ పెరగలేదు. పైపొర పూర్తిగా మూసుకోవడానికి శుక్రవారం నుంచి పదకొండు రోజులు పట్టింది. మామూలుగా ఐదు రోజుల పని. కార్నియా మధ్యలో సన్నటి మసక మచ్చ ఒకటి మిగిలింది. జబ్బు ముదరడం ఆగింది, అది ముఖ్యం. కానీ గోడ మీది అక్షరాల చార్టులో అతను చదవగలడని డాక్టర్ ఆశించిన ఆఖరి వరుస ఈ రోజుకీ చదవలేడు. రాత్రిపూట ఎదురొచ్చే కార్ల లైట్లు ఆ కంటికి చెదిరి కనపడతాయట. రెండేళ్ళ తర్వాత కుడి కన్నుకి చేయించుకోవడానికి మా దగ్గరికే వచ్చాడు. ఆ కన్ను ఐదో రోజుకే మానింది, మచ్చ లేకుండా.

నా రిపోర్టు నేనే రాశాను. మత్తుచుక్క సీసా గదిలో వదిలేశాను, పేషెంటు తీసుకెళ్ళాడు, రెండు రోజులు నాకు తెలియలేదు, అని మూడు వాక్యాలు. మా మేనేజర్ చదివి, ఇంకేమైనా కారణాలు రాస్తావా, ఆ రోజు రద్దీ అదీ, అని అడిగింది. వద్దన్నాను. ఇప్పుడు మా క్లినిక్‌లో ఆ సీసాలు గదుల్లో ఉండవు, మా జేబుల్లో ఉంటాయి. సాయంత్రం తిరిగి అప్పగించి సంతకం పెడతాం.

అయితే ఆ కేసు నాకు నేర్పింది సీసా గురించి కాదు. సీసా దొరక్కపోయినా వంశీ ఆ టాబ్లెట్లు వేసుకునేవాడు కాదు. నొప్పి ఎంత, ఎలాంటిది అని ఇన్నేళ్ళు అడిగాను, నొప్పి గురించి నాకు తెలియంది లేదనుకున్నాను. మందు చేతిలో పెడితే మనిషి వేసుకుంటాడని మాత్రం అడక్కుండానే నమ్మాను. ఇప్పుడు సర్జరీకి ముందే, కాగితం చదవకముందే, ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: ఈ టాబ్లెట్లు వేసుకోవడానికి మీకు అడ్డేమైనా ఉందా?

జవాబులు నేనెప్పుడూ ఊహించనివి వస్తుంటాయి. ఒక ట్రక్కు డ్రైవరుకి మగతొస్తే లైసెన్సు భయం. ఒకమ్మాయి చంటిపిల్లకి పాలిస్తోంది, ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఒకాయనకి రంజాన్ ఉపవాసం, పగలు మింగకూడదు. ప్రతిదానికీ ఏదో ఒక దారి దొరికింది, ముందే తెలిసింది కాబట్టి.

పోయిన నెల కార్నియా మార్పిడి కోసం ఒక రిటైరైన స్కూల్ టీచరు వచ్చింది. తెల్లావిడ, డెబ్బై దాటి ఉంటాయి. చక్కగా దువ్వుకున్న తల, చేతిలో ప్రశ్నలు రాసుకొచ్చిన పుస్తకం. ఆ పుస్తకంలోని ప్రశ్నలన్నీ అయ్యాక నా ప్రశ్న అడిగాను. ఆవిడ పుస్తకం మూసి, దాని అట్టని అరచేత్తో నిమిరింది.

"మా అబ్బాయి నాతోనే ఉంటున్నాడు" అంది. "మత్తుమందులు మానేసి పది నెలలైంది. ఆ బలమైన టాబ్లెట్లు మీరు రాసిచ్చినా నేను ఆ సీసాని నా ఇంటి గుమ్మం దాటించలేను. నొప్పి ఓర్చుకుందాంలే అనుకుని వచ్చాను."

"ఓర్చుకోనక్కర్లేదండీ, అది లేకుండానే చేద్దాం" అని, కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని కొత్త కాగితం తీశాను.